రెండు పంక్తుల ప్యాచ్, మూడు వారాల తిప్పలు

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌కు నేను పంపిన మొదటి ప్యాచ్‌ను, అంటే కోడ్‌లో చిన్న మార్పును, తీసుకున్నామని నిన్న రాత్రి ఆ భాగాన్ని చూసుకునే మెయింటెయినర్ జవాబు రాశారు. మార్పు రెండు పంక్తులే. ఒక సెన్సారును నడిపే ప్రోగ్రాము (డ్రైవరు) మెమరీ అడిగి, అది దొరికిందో లేదో చూడకుండా ముందుకు పోతోంది. అక్కడ ఒక తనిఖీ పెట్టాను. తప్పు పట్టుకోవడానికి ఒక సాయంత్రం చాలింది. ఆ రెండు పంక్తులను మెయిల్లో చెడకుండా చేర్చడానికి మూడు వారాలు పట్టింది.

కెర్నెల్ పని ఈ రోజుకీ, చేరినవాళ్లందరికీ మెయిలు పంచే మెయిలింగ్ లిస్టుల మీదే నడుస్తుంది. ప్యాచ్‌ను మెయిల్లోనే మామూలు అక్షరాలుగా పంపాలి, అప్పుడే చదివేవాళ్లు ఏ పంక్తి కింద మాట ఆ పంక్తి కిందే రాయగలుగుతారు. ఎవరికి పంపాలో కెర్నెల్‌తో పాటు వచ్చే ఒక స్క్రిప్టు చెప్పేస్తుంది. అంతవరకు సులువే.

మొదట ఆఫీసు మెయిలు నుంచి పంపాను. బయటికి పోయే ప్రతి మెయిలు కింద ‘ఇది గోప్యం, మీకు ఉద్దేశించింది కాకపోతే తొలగించండి’ అనే హెచ్చరికను మా సర్వరు అంటిస్తుంది. లోకమంతా చదివే లిస్టుకు గోప్యమని రాసి పంపితే ఎవరు ముట్టుకుంటారు? దాన్ని తీసేయమని ఐటీ విభాగాన్ని అడిగితే, కుదరదని చెప్పడానికి నాలుగు రోజులు తీసుకున్నారు. వాళ్లను బతిమాలుతూ కూర్చోకండి, సొంత చిరునామా వాడండి.

సొంత మెయిలును బ్రౌజరులో తెరిచి పంపాను. రంగులూ, అక్షర శైలులూ కలిపే హెచ్‌టీఎంఎల్ మెయిళ్లను లిస్టు తీసుకోదు, వెంటనే తిప్పికొట్టింది. ప్లెయిన్ టెక్స్ట్‌కు మార్చి మళ్లీ పంపాను. ఈసారి చేరింది. మర్నాడు జవాబు వచ్చింది: ప్యాచ్ కోడ్‌కు అతకడం లేదు, మీ మెయిలు ట్యాబులను (పంక్తిని లోపలికి జరిపే అక్షరాలను) చెడగొట్టింది, పంపేముందు ఒకసారి చూసుకోవాల్సింది. తొమ్మిదేళ్లుగా ఇదే వృత్తిలో ఉన్నాను. ఆ మాట నా పేరు పక్కన బహిరంగ భాండాగారంలో ఎప్పటికీ ఉంటుంది. ఆ రోజు అన్నం సహించలేదు.

బాధకన్నా అయోమయం ఎక్కువైంది. తెర మీద నా ఫైలూ, చేరిన మెయిలూ ఒకేలా ఉన్నాయి. రెండు రాత్రులు వాటిని పక్కపక్కన పెట్టి చూశాను. చివరికి ఆదేశాలు టైపు చేసే టెర్మినల్లో, ఫైలును చూపించే క్యాట్ కమాండుకు పెద్ద ఏ (-A) జోడించి రెండింటినీ తెరిచాను. అలా తెరిస్తే ట్యాబు ఉన్నచోట టోపీ గుర్తు, దాని పక్కన పెద్ద ఐ కనబడతాయి. పంక్తి ముగిసినచోట డాలరు గుర్తు పడుతుంది. నా ఫైల్లో అన్నీ సరిగ్గా ఉన్నాయి. మెయిల్లో ట్యాబులన్నీ మామూలు ఖాళీలు (స్పేసులు) అయిపోయాయి, పొడవాటి పంక్తి నడుమ విరిగి అక్కడొక డాలరు వెలిసింది. రాసినదాన్ని రాసినట్టు చేరవేయడమే మెయిలు ప్రోగ్రాము మొదటి ధర్మం. ఆ ఒక్కటీ చేయలేనిదానికి ఎన్ని హంగులుంటే ఏం లాభం?

థండర్‌బర్డ్ అనే మెయిలు ప్రోగ్రాము కూడా పనికొస్తుంది గానీ, పంక్తులు విరవకుండా సెట్టింగులు మార్చుకోవాలి. నేను 1995 నాటి మట్‌ను ఎంచుకున్నాను. టెర్మినల్లో నడుస్తుంది, మనం రాసిన అక్షరాన్ని కదపదు. ప్యాచ్‌ను మాత్రం, కోడ్ మార్పులను నమోదు చేసే గిట్‌లోని సెండ్ ఈమెయిల్‌తో పంపాను. ముందు నాకు నేనే పంపుకుని, అందిన మెయిలు నుంచే ప్యాచ్‌ను అతికించి చూసుకున్నాను. ఈ ఒక్క పని మానకండి.

ఇక మెయిళ్ల వరద. ప్రధాన లిస్టులో రాత్రి చేరితే తెల్లారేసరికి వందల మెయిళ్లు పడ్డాయి. నిజానికి ప్యాచ్ పంపడానికి అందులో చేరాల్సిన పనే లేదు. పాత చర్చలన్నీ లోర్ డాట్ కెర్నెల్ డాట్ ఆర్గ్‌లో ఉంటాయి. ప్రధాన లిస్టులోంచి బయటికొచ్చి మా డ్రైవరుకు సంబంధించిన చిన్న లిస్టు ఒక్కటే ఉంచుకున్నాను. మెయిళ్లను ఫోల్డర్లలోకి పంపే ఫిల్టరును సబ్జెక్టు మీద పెట్టకండి, సబ్జెక్టు మధ్యలో మారుతుంది. మెయిలు ఏ లిస్టు నుంచి వచ్చిందో చెప్పే లిస్ట్ ఐడీ అనే హెడరు మీద పెట్టండి. దానికన్నా పైన ఇంకో నియమం ఉండాలి: నా చిరునామాకు నేరుగా వచ్చినది ఇన్‌బాక్సులోనే ఆగాలి. ఇది లేక నాకొచ్చిన ఒక ప్రశ్న అయిదు రోజులు ఫోల్డరు అడుగున పడి ఉంది.

జవాబిచ్చేటప్పుడు పాత మెయిలంతా కింద వేలాడదీసి పైన ‘సరే’ అని రాసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మీరు మిగుల్చుకున్న పది సెకన్లకు చదివే వందమంది మూల్యం చెల్లిస్తారు. అవసరమైన పంక్తి ఉంచి, మిగతాది కోసేసి, దాని కింద రాయండి.

మట్‌లో మెయిళ్లను థ్రెడ్ల వారీగా, అంటే ఒక చర్చవన్నీ ఒకచోట, పేర్చుకున్నాను. నాకు పనిలేని చర్చ మీద కంట్రోల్, ఆర్ నొక్కితే మొత్తం థ్రెడ్‌కు చదివినట్టు గుర్తు పడుతుంది. ఈ ఉదయం ఫోల్డర్లో రెండు వందల పైచిలుకు ఉన్నాయి. కాఫీ చల్లారకముందే పూర్తిచేశాను, నాలుగింటిని శ్రద్ధగా చదివాను, ఒకదానికి జవాబు కూడా రాశాను.