కథలోని చుక్క: అక్షరాల గుర్తింపు పరిశోధనలో నా అనుభవం

2003లో హైదరాబాదులో పరిశోధనకు చేరినప్పుడు, స్కాన్ చేసిన తెలుగు పుస్తకాన్ని కంప్యూటరు చేత చదివించడం నాలుగేళ్లలో తేలిపోయే పని అనుకున్నాను. పట్టా చేతికి రావడానికి ఏడేళ్లు పట్టింది. ఈ దారిలో నాకంటే ముందు నడిచినవారు లేకపోలేదు. అచ్చు తెలుగు అక్షరాల గుర్తింపు మీద రాజశేఖరన్, దీక్షితులు గార్ల పత్రం 1977లోనే వెలువడింది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అతుల్ నేగి, చక్రవర్తి భగవతి గార్ల బృందం తెలుగు ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తించి పాఠంగా మార్చే ప్రోగ్రాము) గురించి 2001లో అంతర్జాతీయ సదస్సులో వివరించింది. నేను ఎంచుకున్నది పాత పుస్తకాలను. కాగితం పసుపుబారి, వెనక పుట సిరా ఇవతలికి కనబడుతూ, అక్షరాల చుట్టూ మచ్చలు నిండిన పుటలవి.

అందుచేత మొదటి రెండేళ్లు మచ్చలు తుడవడంతోనే గడిచాయి. జపాను శాస్త్రవేత్త ఓట్సు 1979లో ప్రతిపాదించిన పద్ధతితో పుటను నలుపు తెలుపులుగా విడదీసి, 20 పిక్సెళ్లకు (బొమ్మలోని అతి చిన్న గళ్లకు) తక్కువైన ప్రతి నల్లని చుక్కనూ చెరిపివేసేలా ప్రోగ్రాము రాశాను. పుట అద్దంలా కనిపించేది. కాని ఫలితంలో 'కథ' ఎక్కడ వచ్చినా 'కధ' అనీ, 'పీఠిక' అన్నచోటల్లా 'పీరిక' అనీ వచ్చేది. తప్పు అక్షరాన్ని పోల్చే భాగంలో ఉందనుకుని, కొలిచే లక్షణాలను మార్చి మార్చి ఐదు నెలలు పోగొట్టుకున్నాను. ఒక సాయంత్రం అసలు బొమ్మనూ, శుభ్రం చేసిన బొమ్మనూ పక్కపక్కన పెట్టి ఎనిమిది రెట్లు పెద్దవి చేసి చూశాను. థకారం కడుపులోని చుక్క మొదటి బొమ్మలో ఉంది, రెండో దానిలో లేదు. చిన్న టైపులో ఆ చుక్క అటు నాలుగు, ఇటు నాలుగు పిక్సెళ్లే. మచ్చతోపాటు దాన్నీ నేనే తుడిచివేశాను.

ఆ రాత్రే నియమం మార్చి, అక్షరం గీతల మధ్య ఉన్న చుక్కను ముట్టుకోకుండా చేశాను. నిఘంటువు పెట్టి 'కధ'ను దిద్దవచ్చు కదా అని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. నేను ఒప్పుకోలేదు. 'కధ' అనే అచ్చయిన పుస్తకాలూ ఉన్నాయి. పుట మీద ఏముందో అదే చెప్పాలి తప్ప, ఏముండాలో చెప్పడం యంత్రం పని కాదని నేను అప్పుడూ ఇప్పుడూ గట్టిగా నమ్ముతాను.

పంక్తులు విడదీయడం మరో చిక్కు. పై పంక్తి ఒత్తులు కిందికి దిగి, కింది పంక్తి గుడులను తాకేవి. అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది 'ధమ౯ము' వంటి మాట. అక్షరాల మధ్య ఈ తెలుగు తొమ్మిది అంకె (౯) ఎందుకు వచ్చిందో తెలియక, పాతకాలపు అచ్చుకూటంలో సీసపు అక్షరాలు కూర్చే కంపోజిటరుగా పనిచేసిన ఒక పెద్దాయన దగ్గరికి పుట పట్టుకెళ్లాను. "తొమ్మిది కాదు బాబూ, వలపలగిలక. 'ర్' అనే ధ్వనికి పాత గుర్తు. రాసేది తర్వాత, పలికేది ముందు. ఇది ధర్మము" అన్నారాయన. ఎడమనుంచి కుడికి చదువుకుంటూ పోయే నా ప్రోగ్రాములో ఆ ఒక్క గుర్తు కోసం వరుస వెనక్కి తిప్పే ఏర్పాటు చేయవలసివచ్చింది.

ఆ తర్వాత ఒక సదస్సు నా పత్రాన్ని తిప్పిపంపింది. ప్రామాణిక నమూనాల మీద ఫలితాలు చూపలేదన్నది అభ్యంతరం. బాధ కలిగినా ఆ మాటలో న్యాయం ఉంది. ఆనాటి నుంచి పుటలను ఒక్కొక్క అక్షరంగా గుర్తించి, చేత్తో టైపు చేసి, నేనూ మరొకరూ విడివిడిగా సరిచూసి దాచడం మొదలుపెట్టాం.

2018లో ఉచిత ఓసీఆర్ సాఫ్ట్‌వేరు అయిన టెసరాక్ట్ నాలుగో రూపం, ఉదాహరణలు చూసి తనంతట తానే నేర్చుకునే నాడీజాల (న్యూరల్ నెట్‌వర్క్) పద్ధతితో విడుదలయ్యేనాటికి, నేను చేత్తో రాసిన నియమాలలో చాలావాటికి అవసరం తీరిపోయింది. దాచిన పుటలు మాత్రం నిలిచాయి. అదే పద్ధతిలో ఆధునిక ఫాంట్లతో శిక్షణ ఇచ్చిన మా కొత్త ప్రోగ్రాము 'కథ'ను సరిగ్గా చదివింది, 'ధమ౯ము' దగ్గర ఆగిపోయింది. ప్రస్తుతం నా విద్యార్థినితో కలిసి వలపలగిలకలూ, అరసున్నలూ, బండి ఱలూ ఉన్న పాత పుటలను వెతికి టైపు చేస్తున్నాను. ఏ తప్పు వచ్చినా ఆ అమ్మాయి ముందు బొమ్మను పెద్దది చేసి చూస్తుంది, ఆ తర్వాతే ప్రోగ్రాము తెరుస్తుంది.