తెలుగు మీడియం నుంచి దుబాయ్ ఇంటర్నేషనల్ స్కూల్ దాకా: నా అనుభవం

నల్గొండలో ఎవరితోనైనా దుబాయ్ పోతున్నానంటే ముందు అడిగేది "ఏజెంటుకు ఎంత కట్టినవ్?" అని. ఇంగ్లిష్ టీచర్‌గా పోతున్నానంటే ఎవరూ ఓ పట్టాన నమ్మలేదు. "ఇంగ్లిష్ చెప్పనీకి వాళ్లకు ఇంగ్లిషోళ్లే దొరుకుతలేరా బిడ్డా?" అంది మా మేనత్త. ఆమెను తప్పుపట్టడానికి లేదు, చాలా ఉద్యోగ ప్రకటనల్లోనూ 'నేటివ్ స్పీకర్లకు మాత్రమే' అనే ఉంటుంది. అలాంటివి పక్కన పెట్టేసి మిగిలిన వాటికే అప్లై చేస్తూ పోయాను.

నేను టెన్త్ దాకా తెలుగు మీడియం. తర్వాత ఎం.ఏ. ఇంగ్లిష్, బీఎడ్, టౌన్‌లో ప్రైవేటు స్కూల్ ఉద్యోగం. నేను వెతికింది ఈఏఎల్ (ఇంగ్లిష్ యాజ్ ఎన్ అడిషనల్ లాంగ్వేజ్) టీచర్ పోస్టు. ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడని పిల్లలు మిగతా క్లాసుతో పాటు సైన్సు, లెక్కలు అందుకునేలా ఇంగ్లిష్ నేర్పే పని అది. తల్లిదండ్రుల ఉద్యోగాల వల్ల కొరియా నుంచో రష్యా నుంచో ఈజిప్టు నుంచో సంవత్సరం మధ్యలో వచ్చి చేరే పిల్లలు ఇంటర్నేషనల్ స్కూళ్లలో ఎప్పుడూ ఉంటారు.

బీఎడ్ ఉన్నా సెల్టా చేశాను. అది ఇంగ్లిష్ బోధనలో కేంబ్రిడ్జ్ వాళ్లు ఇచ్చే సర్టిఫికెట్. కనీసం 120 గంటల కోర్సు, 4 అసైన్‌మెంట్లు, ఆ గంటల్లోనే నిజమైన విద్యార్థులకు 6 గంటల పాఠాలు చెప్పాలి. మొత్తం ఆన్‌లైన్‌లోనే చేసే వీలుంది కాబట్టి ఇల్లు కదలలేదు. కరెంటు పోతే పాఠం మధ్యలో ఆగిపోతుందని టెన్షన్, అందుకే ఇన్వర్టర్‌కు కొత్త బ్యాటరీ వేయించాం. అసలు కష్టం తక్కువ మాట్లాడటం. మన క్లాసుల్లో పీరియడ్ అంతా టీచరే మాట్లాడాలి, లేకపోతే పాఠం చెప్పనట్టే లెక్క. ఇక్కడ ట్యూటర్ నేను ఎంతసేపు మాట్లాడానో రాసుకునేవారు. "అర్థమైందా?" అని అడగనివ్వరు. అడిగితే "యెస్ మేడమ్" అనే వస్తుంది, అది దేనికీ పనికిరాదు. 'హి యూజ్డ్ టు స్మోక్' అని చెప్పాక, "అంతకుముందు సిగరెట్ తాగేవాడా? ఇప్పుడు తాగుతున్నాడా?" అని రెండు చిన్న ప్రశ్నలు వేయాలి. ఎవరికి అందిందో, ఎవరికి అందలేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది. లెసన్ ప్లాన్ రాయడం నాకు బీఎడ్‌లోనే వచ్చింది, దాన్ని తీసిపారేయను. కానీ బీఎడ్ టీచింగ్ ప్రాక్టీసులో సగం శక్తి రికార్డులు నింపడానికే పోతుందని చేసినవాళ్లందరికీ తెలుసు.

డెమో పాఠం వీడియో కాల్‌లో జరిగింది. ఇయర్ 5 (తొమ్మిది, పదేళ్ల) పిల్లలు కొందరు, టాపిక్ మిశ్రమాలను వేరుచేయడం. నాకు వెంటనే మన ఫ్లోరైడ్ నీళ్లు గుర్తొచ్చాయి. 1970ల్లో నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించిన 'నల్గొండ టెక్నిక్'లో నీళ్లలో సున్నం, పటిక కలిపి తిప్పుతారు, మడ్డి అడుగుకు దిగాక పై నీళ్లు వడపోస్తారు. మర్రిగూడ వైపు వంకర తిరిగిన కాళ్లను చిన్నప్పటి నుంచీ చూసినదాన్ని, ఆ పద్ధతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. గ్లాసులో మురికి నీళ్లు, చిటికెడు పటిక పెట్టుకుని, 'ఫస్ట్, నెక్స్ట్, ఆఫ్టర్ దట్' అని రాసిన కార్డులు చూపించాను. 'ఆలమ్ ఈజ్ యాడెడ్, ద వాటర్ ఈజ్ స్టర్డ్' లాంటి వాక్యాలు పిల్లలే పూర్తిచేశారు. గ్రామర్ అన్న మాట ఎత్తకుండానే పాసివ్ వాయిస్ అయిపోయింది.

ఇంటర్వ్యూలో ఇంగ్లిష్ గురించి అడిగింది తక్కువ. "ఒక పిల్ల మీకో సంగతి చెప్తా, ఎవరికీ చెప్పొద్దు అంటే ఏం చేస్తారు?" అన్నారు. చెప్పనని మాటివ్వకూడదు, గుచ్చి గుచ్చి అడగకూడదు. పిల్ల అన్న మాటలు అన్నట్టే రాసి, స్కూల్లో పిల్లల భద్రత చూసే వ్యక్తికి అదే రోజు చేర్చాలి. ఈ ప్రశ్నకు తడబడితే మిగతా ఇంటర్వ్యూ ఎంత బాగున్నా లాభం లేదు.

ఆఫర్ లెటర్ వచ్చాక కాగితాల పని. అపోస్టిల్, అంటే సర్టిఫికెట్లు విదేశాల్లో చెల్లేలా మన విదేశాంగ శాఖ వేసే ముద్ర, చేయిస్తే చాలని చాలామంది చెప్తారు. ఒమన్‌కు ఆ మాట నిజమే. ఎమిరేట్స్ ఆ ముద్రను ఒప్పుకునే హేగ్ ఒప్పందంలో లేదు కాబట్టి ముందు రాష్ట్ర ప్రభుత్వం, తర్వాత విదేశాంగ శాఖ, ఆ తర్వాత ఎమిరేట్స్ రాయబార కార్యాలయం ముద్ర వేయాలి. అక్కడికి వెళ్లాక వాళ్ల విదేశాంగ శాఖది ఇంకొకటి. ప్రొవిజనల్ పనికిరాదు, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) కావాలి. మనలో చాలామంది డిగ్రీ పాసై ఏళ్లు గడిచినా ఓడీ తీసుకోరు. వెళ్లాలనే ఆలోచన ఉంటే దానికి ఇవాళే అప్లై చేసుకోండి.

అన్నిటికన్నా విసిగించింది నా పేరే. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా, డిగ్రీలో ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పెళ్లయ్యాక వచ్చిన ఇంటిపేరు. మూడూ నేనేనని నోటరీ అఫిడవిట్, దానికి తోడు మ్యారేజ్ సర్టిఫికెట్, దాని మీదా అవే ముద్రలు. ఒక ఏజెంటు "అదేం అక్కర్లేదు మేడమ్" అన్నాడు. స్కూల్ హెచ్‌ఆర్ అక్కర ఉందని రాసింది.

పోలీస్ క్లియరెన్స్ మాత్రం సులువుగా అయిపోయింది. 2022 సెప్టెంబర్ నుంచి పోస్టాఫీసు పాస్‌పోర్టు కేంద్రాల్లోనూ దీనికి దరఖాస్తు తీసుకుంటున్నారు, హైదరాబాద్ పోవాల్సిన పని తప్పింది. ఇక డబ్బు సంగతి: అక్కడి కార్మిక చట్టం ప్రకారం ఉద్యోగంలో పెట్టుకోవడానికి అయ్యే ఖర్చు ఉద్యోగి నుంచి వసూలు చేయకూడదు. మా మేనత్తకు ఎన్నిసార్లు చెప్పినా నేను లక్షలు కట్టే వచ్చాననుకుంటోంది.

ఇక్కడికి వచ్చాక మెడికల్, వేలిముద్రలు, ఎమిరేట్స్ ఐడీ గబగబా అయిపోయాయి. శుక్రవారం ఒంటిపూట బడి, శని ఆదివారాలు సెలవు. పనిలో తల్లిదండ్రులతో మాట్లాడటమే ఎక్కువ కష్టం. "టర్మ్ అయ్యేసరికి ఇంగ్లిష్ వచ్చేస్తుందా?" అని అడుగుతారు, నల్గొండలో అడిగినట్టే. జిమ్ కమిన్స్ అనే పరిశోధకుడి లెక్క ప్రకారం ఆటల్లో మాట్లాడే ఇంగ్లిష్‌కు రెండేళ్లు చాలు, పాఠాలు చదివి రాసే ఇంగ్లిష్‌కు 5 నుంచి 7 ఏళ్లు పడుతుంది. అదే చెప్పి, ఇంట్లో మీ భాషలోనే కథలు చదివించండి అంటాను. ఫీజు కట్టింది ఇంగ్లిష్ కోసం కదా అన్నట్టు కొందరు ముఖం పెడతారు. పిల్ల మొదటి వారం రాసిన పేజీ, ఈ వారం రాసిన పేజీ పక్కపక్కన పెట్టి చూపిస్తే కాస్త మెత్తబడతారు, అందరూ కాదు.