చిరునామాలు కుదిరాకే ప్రోటోకాల్

భీమవరం పరిసరాల్లోని రొయ్యల చెరువులకు మేత సరఫరా చేసే ఒక సంస్థకు నేను కొన్నేళ్లు నెట్‌వర్క్ పనులు చూశాను. మొదట నాలుగు గోదాములే కాబట్టి ప్రతి రూటరులోనూ దారులు చేత్తో రాసిపెట్టే స్టాటిక్ రూట్లతోనే నెట్టుకొచ్చాము. ఆకివీడు, నరసాపురం, ఆపైన గోదావరి దాటి రాజోలు, అమలాపురం వరకు శాఖలు విస్తరించి ముప్పైకి చేరేసరికి, ఒక్క లింకు మారినా పది రూటర్లలో చేత్తో దిద్దవలసి వచ్చేది.

రూటర్లు దారులను తమలో తామే చెప్పుకునే రూటింగ్ ప్రోటోకాల్ ఒకటి కావలసి వచ్చింది. వాటిలో రిప్ సులువు కదా అన్నారు సహోద్యోగి ఒకరు. దానికున్న 15 హాప్‌ల (దారిలో దాటే రూటర్ల) పరిమితి మాకు అడ్డు కాదు. అయితే అది ఎన్ని రూటర్లు దాటాలో లెక్కిస్తుందే తప్ప, ఆ దారి ఫైబరా, వానకు తడబడే వైర్‌లెస్ లింకా అన్నది చూడదు. బీజీపీ అనే మరో ప్రోటోకాల్ వేర్వేరు సంస్థల నెట్‌వర్కుల మధ్య అవసరపడేది. ఇంటర్నెట్‌కు మాకు డిఫాల్ట్ రూటు (వేరే దారి తెలియని ప్యాకెట్లన్నిటికీ ఒకే దారి) చాలు. అందుచేత, వేర్వేరు కంపెనీల రూటర్లు కలిసి పనిచేయాలి కనుక, లింకుల సామర్థ్యాన్ని బట్టి దారి ఎంచే, ఏ కంపెనీ అయినా వాడుకోగల ప్రోటోకాల్ ఓఎస్‌పీఎఫ్‌ను ఎంచుకున్నాము.

మొదటి రాత్రే రాజోలు లింకు ఎక్స్‌స్టార్ట్ దశలో, అంటే రూటర్లు సమాచారం మార్చుకోబోయే ముందే, ఆగిపోయింది. పలకరింపుగా పంపే హలో ప్యాకెట్లు చిన్నవి కాబట్టి రెండు రూటర్లూ ఒకదానినొకటి గుర్తించాయి, కానీ నెట్‌వర్క్ పటం లాంటి డేటాబేస్ మార్పిడి మొదలుకాలేదు. రెండు గంటలు కేబుళ్లను అనుమానించిన తరువాత చూస్తే, ఒకవైపు ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం, బైట్లలో) 1500, మరోవైపు 1400 ఉంది. సమానం చేయగానే మార్పిడి పూర్తయి ఫుల్ స్థితికి వచ్చింది.

అసలు చిక్కు ఐపీ చిరునామాల్లో ఉంది. శాఖ తెరిచిన వరుసలోనే 192.168.1, 192.168.2 అని ఇచ్చుకుంటూ పోవడం వల్ల అమలాపురం, ఆకివీడు పక్కపక్క అంకెల్లో పడ్డాయి. మేము నెట్‌వర్కును ఓఎస్‌పీఎఫ్‌లో ఏరియాలు అనే భాగాలుగా గీశాము గానీ, ఏరియాలు గీసినంత మాత్రాన లాభం లేదు. ఒక ఏరియాలోని చిరునామాలు వరుసగా లేకపోతే వాటిని ఒకే రూటుగా కలపలేము కనుక, ప్రతి శాఖ రూటూ హద్దు దాటి విడిగానే ప్రకటితమవుతుంది. తుపాను వానలో రాజోలు వైర్‌లెస్ తెగి అతుక్కున్న ప్రతిసారీ ఆకివీడులోని చిన్న రూటరుకూ ఆ కబురు చేరేది. గోదావరి కాలువలనే చూడండి: పశ్చిమ డెల్టా కాలువ విజ్జేశ్వరం దగ్గర, మధ్య డెల్టా కాలువ బొబ్బర్లంక దగ్గర మొదలవుతాయి. భీమవరం వైపు తూము చూసే లస్కరుకు కోనసీమలో ఏ బోదె పూడిందో తెలియనక్కరలేదు. మా రూటర్లకు మాత్రం అన్ని బోదెల సంగతీ తెలుస్తోంది.

చివరకు పశ్చిమాన 10.1.0.0/16 (10.1తో మొదలయ్యే చిరునామాలన్నీ), కోనసీమకు 10.2.0.0/16 కేటాయించి, శాఖకొక /24 (256 చిరునామాల గుంపు) చొప్పున చిరునామాలన్నీ మార్చాము. హద్దు రూటరు ఇప్పుడు కోనసీమ మొత్తానికి ఒకే రూటు చెబుతుంది. ఈ పని ప్రోటోకాల్ కన్నా పదిరెట్లు విసిగించింది, ఎందుకంటే సీసీ కెమెరాల్లో, వేలిముద్ర హాజరు యంత్రాల్లో, కాటాల్లో పాత ఐపీలు చేత్తో కొట్టి ఉన్నాయి. నరసాపురం లారీ కాటా పాస్‌వర్డు దాన్ని అమర్చిన కుర్రాడికే తెలుసు. ఆయన కువైట్ వెళ్లిపోయారు. ఆ ఒక్క కాటా కోసం 192.168.9.0/24 రూటు పట్టికలో ఇప్పటికీ విడిగా కనిపిస్తూనే ఉంది.