ఉప్పు కోసం వచ్చిన కొండమేకలు

అమెరికాలోని ఎన్‌చాంట్‌మెంట్స్ కొండల్లో రాత్రి బసకు పర్మిట్ లాటరీలో మాకు రెండేళ్లుగా రావడం లేదు. పగటి నడకకు లాటరీ అక్కర్లేదు, దారి మొదట్లో ఫారం నింపుకుంటే చాలు. అందుకే ఈ ఆగస్టులో అక్క, బావ, నేను ఒక్క రోజులో మొత్తం నడిచేద్దామనుకున్నాం. సియాటిల్‌కు తూర్పున, లెవెన్‌వర్త్ ఊరి పక్కన ఉన్న కొండలివి. దాదాపు 18 మైళ్లు. తెల్లవారుజామున నాలుగింటికి హెడ్‌ల్యాంపులు పెట్టుకుని బయల్దేరాం.

కోల్చక్ సరస్సు దాటాక ఆస్‌గార్డ్ పాస్ అనే కనుమ ఎక్కాలి. మైలు లోపే రెండు వేల అడుగులకు పైగా ఎత్తు, అంతా బండలే. ఊపిరి అందక ఆగినప్పుడల్లా రాళ్ల మధ్య నుంచి "ఈంక్" అని చిన్న అరుపు వినిపించేది. ఎంత వెతికినా ఏమీ కనపడలేదు. నడక పూర్తిగా ఆపి కూర్చున్నాకే పికా, కుందేలుకు చుట్టమైన చిన్న జంతువు, బయటికొచ్చింది. పిడికిలంత ఒళ్లు, గుండ్రటి చెవులు, నోటినిండా గడ్డి. చలికాలమంతా నిద్రపోయే జంతువు కాదది. మంచు కింద తినడానికి ఇప్పుడే గడ్డి ఎండబెట్టి దాచుకుంటుంది. దాన్ని చూసింది అర నిమిషమే, అయినా నాకు ఆ ఎక్కుడు అలసట పోయింది.

పైన, 7,800 అడుగుల దగ్గర, బావ పొద చాటుకు వెళ్లొచ్చాడు. ఐదు నిమిషాల్లో తెల్లటి కొండమేక (మౌంటెన్ గోట్) ఒకటి, వెనకాలే పిల్ల, సరిగ్గా అక్కడికే వచ్చి నేల నాకడం మొదలుపెట్టాయి. నాకు వెంటనే తాత గుర్తొచ్చాడు. పాలమూరులో మా మేకలకు ఆయన అరచేతిలో కల్లుప్పు పెడితే ఇలాగే ఎగబడేవి. ఈ కొండల మీద ఉప్పు దొరకదు. మన మూత్రంలో, చెమటలో దొరుకుతుంది. పొదల్లో పోస్తే మేకలు ఆ మొక్కలను వేళ్లతో సహా తవ్వేస్తాయి. బండ మీద, దారికి దూరంగా వెళ్లమని ఫారెస్ట్ వాళ్లు చెప్పేది అందుకే.

"కదలకురా," అంది అక్క మెల్లగా. నల్లటి కొమ్ములు, పదునుగా, జానెడు పొడవున్నాయి. 2010లో ఒలింపిక్ నేషనల్ పార్కులో ఇలాంటి మేకే ఒకాయన్ని పొడిచి చంపిందని నాకు తెలుసు, చాలా టెన్షన్ పడ్డాను. కనీసం 50 గజాల దూరం ఉంచాలి. మేం వెనక్కి జరుగుతుంటే బావ బండకు ఆనించిన ట్రెక్కింగ్ పోల్ అక్కడే ఉండిపోయింది. తల్లి మేక దాని పట్టీని నోట్లోకి తీసుకుని, చెమట ఉప్పంతా పోయేదాకా నమిలింది. తల్లి పొట్ట కింద పాత బొచ్చు ఉండలుగా వేలాడుతోంది. ఇరవై నిమిషాలు నిలబడే చూశాం.

అవి వెళ్లాక పోల్ తీసుకుంటే పట్టీ సగం తెగి ఉంది. అక్కడి నుంచి కింది దాకా పోల్స్, బ్యాగులు ఎక్కడా కింద పెట్టలేదు. దిగే దారిలోని స్నో లేక్స్ సరస్సుల దగ్గరికి వచ్చేసరికి మళ్లీ హెడ్‌ల్యాంపులు తీయాల్సి వచ్చింది.