నువ్వు పడితే ఎవరూ నవ్వరు నాన్నా

"నువ్వు స్నోలో పడితే ఎవరూ నవ్వరు నాన్నా, అక్కడ అందరూ పడతారు. ఇక్కడ నేను నోరు తెరిస్తే చాలు మీ వాళ్లంతా నవ్వుతున్నారు."

ఒంగోల్లో మా బాబాయి వాళ్లింటి నుంచి తిరిగొస్తుంటే ఆటోలో మా అమ్మాయి అన్న మాట ఇది. పన్నెండేళ్లు దానికి, అమెరికాలో డెన్వర్లో పెరుగుతోంది. వాళ్లింట్లో ఎవరో ఏదో అడిగితే "తాత నిద్రపోతుంది" అంది, ఇక చూస్కోండి, ఇల్లంతా నవ్వులే, మా పిన్ని అయితే పక్కింటావిడని పిలిచి మరీ ఇంకోసారి చెప్పించింది. నేనూ నవ్వా. ముద్దుగా ఉందనే నవ్వారు అందరూ, అందులో చెడు ఏం లేదు, కానీ ఆ సంగతి దానికి అర్థమయ్యేట్టు చెప్పడం నా వల్ల కాలేదు.

అసలు ఈ వేసవికి ఊరు రానని మొండికేసింది. ఎండ, దోమలు, కరెంటు, ఫ్రెండ్సంతా క్యాంపులకి పోతున్నారు, దాని కారణాలు దానికున్నాయి. నేనూ తక్కువ మొండోణ్ణి కాదు కాబట్టి, వస్తే డిసెంబర్లో స్నోబోర్డింగ్, అంటే రెండు కాళ్లూ ఒకే చెక్కకి కట్టుకుని మంచు కొండ మీంచి జారడం, నేర్పిస్తా, సామాను కూడా కొనిస్తా అన్నా. ఇది లంచం కాదు, ఒప్పందం అని మా ఆవిడకి చెప్పుకున్నా, ఆవిడ నమ్మలేదు. ఇప్పుడు ఆటోలో ఆ ఒప్పందానికి ఇంకో షరతు వచ్చి చేరింది, నేను కూడా బోర్డెక్కాలంట. ప్రతి చలికాలం దాన్ని డెన్వర్ నుంచి ఐ-70 హైవే ట్రాఫిక్‌లో కొండల దాకా తీసుకెళ్లి ట్యూబింగ్‌కి, అదే గాలి ట్యూబులో కూర్చుని మంచు మీద జారే ఆటకి, వదిలేసి, కింద కెఫెలో లాప్‌టాప్ తెరుచుకుని కాఫీ తాగే మనిషిని నేను. 44 ఏళ్లు, బొజ్జ, ఎప్పుడో క్రికెట్ ఆడుతూ బెణికిన మణికట్టు.

సరే అన్నా. అన్నాక భయమేసింది. భయమేస్తే మా సాఫ్ట్‌వేరోళ్లం ఏం చేస్తామో అదే చేశా, ఎక్సెల్ షీట్ తెరిచా.

రోహిణి కార్తె పోయినా ఎండ పోలేదు, ఫ్యాను వేడిగాలి కొడతా ఉంది, నేను నడవాలో కూర్చుని ఉన్ని సాక్సుల రేట్లు చూస్తున్నా. మా అమ్మ వచ్చి "ఏందిరా అది పొద్దున్నుంచీ" అంది. మంచు మీద జారడానికి చెక్క కొంటున్నానమ్మా అన్నా. "జారడానికి డబ్బులు పెట్టి కొనేదేందిరా, దొడ్లో బావి కాడ నాచుంది, ఊరికే జారొచ్చు" అంది.

ఇంతకీ ఆ షీట్ పుణ్యాన తెలిసింది ఏంటంటే, మొదటిసారి ఎక్కేవాళ్లు బోర్డు గురించి కాదు, బూట్ల గురించి బుర్ర పాడుచేసుకోవాలి. స్నోబోర్డ్ తిరిగేదే మడమ వైపు అంచు మీద కాసేపు, వేళ్ల వైపు అంచు మీద కాసేపు బరువు మార్చడం వల్ల, మరి మడమ బూటు లోపల పైకి లేస్తా ఉంటే మనం నొక్కింది బోర్డు దాకా చేరదు. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు భాగాన్ని కొంచెం తాకాలి, మోకాళ్లు వంచితే వెనక్కి జరగాలి, మడమ మాత్రం ఎక్కడికీ పోకూడదు. షాపులో కాస్త బిగుతుగా ఉన్నా కంగారు పడక్కర్లేదు, లోపలి ఫోమ్ వాడేకొద్దీ అణిగి వదులవుద్ది. సాక్సులు ఒక్క జతే, పల్చటివి, ఉన్నివో సింథటిక్‌వో. చలి కదా అని రెండు జతలు తొడిగితే మడతలు పడి నొప్పి తప్ప వెచ్చదనం ఏం రాదు. కాటన్ అసలే వద్దు, చెమట పీల్చుకుని ఆ తడితోనే కాళ్లు గడ్డకడతాయి.

ఇక్కడే నాకు ప్రాణం ఒప్పలేదు. మా నాన్న నాకు బూట్లు కొన్నాడంటే రెండు సైజులు పెద్దవే, "ఎదిగే పిల్లోడు" అని. ముందు దూది కుక్కి తొడిగేవాళ్లు, అవి నా కాలికి సరిపోయే వేళకి అడుగులు అరిగిపోయేవి. నేనూ అంతే తయారయ్యా, మా దాని వింటర్ జాకెట్టు చేతులు ఇప్పటికీ మడిచి వేసుకుంటది. మొన్న మా అమ్మ కుట్టించిన పట్టు లంగాకి కూడా ఇంకో మూడేళ్లకి సరిపడా టక్కులు పెట్టించింది. స్నోబోర్డ్ బూట్ల దగ్గర ఈ తెలివి పనిచేయదంట. ఇవాళ్టి కాలికి ఇవాళ్టి బూటే.

అందుకని పిల్లల బోర్డూ బూట్లూ సీజన్ మొత్తానికి రెంటుకిచ్చే షాపులుంటాయి, మంచు అయిపోయాక తిరిగిచ్చేసి వచ్చే ఏడు ఇంకో సైజు తెచ్చుకోవడమే. పెద్దోళ్ల కాలు ఎదగదు కాబట్టి నా బూట్లు కొనుక్కోవచ్చు. చాలా న్యాయంగా ఆలోచించా అనుకుని దానికి చెప్తే "అంటే ఒప్పందం నాదీ, కొనుక్కునేది నువ్వా" అని లేచిపోయింది. నిజానికి లెక్క కరెక్టే, కానీ కొనిస్తానని మాటిచ్చింది దానికి, సామాను ఇంటికొచ్చేది నాకు. మా ఆవిడ నవ్వు ఆపుకోలేదు.

ఏ కాలు ముందు పెట్టాలో తేల్చుకోవడం మాత్రం భలే ఉంది. ఎడమ కాలు ముందుంటే రెగ్యులర్, కుడి కాలు ముందుంటే గూఫీ అంటారు, ఏదీ తప్పు కాదు. సాక్సులేసుకుని నున్నటి నేల మీద పరిగెత్తి జారి చూస్తే తెలిసిపోద్ది, ఏ కాలు తనంతట తాను ముందుకొస్తే అదే. నున్నటి నేల అంటే మా ఇంట్లో అంతా చీమకుర్తి గెలాక్సీ గ్రానైటే, నల్ల రాయిలో మెరుపు చుక్కలు, ప్రపంచం అంతా ఎగుమతయ్యే రాయి మాకు నడవాలో కాళ్ల కింద ఉంటది. నలభై డిగ్రీల ఎండలో ఉన్ని సాక్సులేసుకుని తండ్రీ కూతుళ్లం ఈ గది నుంచి ఆ గదికి జారుతున్నాం. అది గూఫీ. నాకు తేలక, వెనక నుంచి తోస్తే ఏ కాలు పడుతుందో చూడమని చెప్పేలోపే తోసేసింది, ఎడమ కాలు పడింది, మోచెయ్యి బీరువాకి తగిలింది. మా అమ్మ "సాక్సులతో ఇల్లంతా తుడిచారు, ఇవాళ పనమ్మాయి రాకపోయినా పర్లేదు" అంది.

బోర్డు పొడవు ఎత్తుని బట్టి చూస్తారని విన్నా, గడ్డానికీ ముక్కుకీ మధ్య దాకా వస్తే చాలంటారు, కానీ అసలు లెక్క బరువుది. మా పెదనాన్న వాళ్లింట్లో పొగాకు బేళ్లు తూచే కాటా ఉంటే దాని మీదే నిలబడ్డాం. మా అమ్మాయి బరువుకి 130 సెంటీమీటర్ల పైన కొంచెం, నాకు 155 అటూ ఇటూ. కొత్తోళ్లు ఆ లెక్కలో కొంచెం పొట్టిది తీసుకుంటే తిప్పడం తేలిక. మా అన్న నా బరువు చూసి "వేలంలో నీకు మంచి రేటొస్తదిరా" అన్నాడు. బోర్డు గట్టిదనానికి 1 నుంచి 10 దాకా నంబర్లిస్తారు, మనబోటి వాళ్లకి 4 లోపు చాలు, గట్టివి స్పీడుగా పోయేవాళ్లకి. ఇంకోటి, మధ్యలో విల్లులా పైకి లేచి ఉండేది క్యాంబర్, పట్టు బాగుంటది గానీ ఏమరుపాటుగా ఉంటే అంచు మంచులో దిగబడి మనిషిని విసిరికొడతది. కొనలు పైకి లేచినట్టుండేది రాకర్, కొత్తోళ్లకి అది నయం. బూట్లని బోర్డుకి పట్టి ఉంచే బైండింగ్స్ బూటు సైజుకి సరిపోవాలి, స్ట్రాపులు లేకుండా అడుగేస్తే టక్కున పట్టేసే రకాలకి వాటికి సరిపడే బూట్లే కావాలి, రెంటుకి తీసుకునేవాళ్లకి ఈ గొడవంతా షాపు వాళ్లే చూసుకుంటారు.

రెంటుకి తీసుకోకుండా కొనాల్సింది హెల్మెట్. మంచు ఆటల హెల్మెట్లకిచ్చే ఏఎస్‌టీఎం ఎఫ్2040 గానీ ఈఎన్ 1077 గానీ ముద్ర ఉండాలి, సైకిల్ హెల్మెట్ పనికిరాదు, తల ఊపితే కదలకూడదు, గాగుల్స్‌కీ దానికీ మధ్య నుదురు కనపడకూడదు. ఇదంతా షీట్లో ఎర్ర రంగులో రాసుకున్నా. రాసుకున్న రోజు సాయంత్రమే మా తమ్ముడి బండి మీద దాన్ని వెనకాల కూర్చోబెట్టుకుని మిరపకాయ బజ్జీలకి కర్నూలు రోడ్డు దాకా పోయొచ్చా, నాకు లేదు హెల్మెట్, దానికీ లేదు. తిరిగొచ్చాక అదే అడిగింది, ఇక్కడ రోడ్డు స్నో కన్నా మెత్తగా ఉంటదా నాన్నా అని. ఇక్కడ అంతేలేమ్మా అన్నా. డెన్వర్లో నేను ఒప్పుకోని జవాబు అది.

ఇక మణికట్టు. స్నోబోర్డ్ కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఎక్కువగా దెబ్బ తగిలేది మణికట్టుకే, రెండు కాళ్లూ బోర్డుకి కట్టేసి ఉంటాయి కదా, పడేటప్పుడు చేతులు చాపి ఆపుకోబోతాం. అందుకే రిస్ట్ గార్డులు, కూలబడ్డప్పుడు తోకఎముక పగలకుండా మెత్తలున్న షార్ట్స్, మోకాళ్లకి ప్యాడ్లు. మొదటి రోజు సగం సేపు మంచులో కూర్చునే ఉంటాం కాబట్టి ప్యాంటు నీళ్లు దిగనిదై ఉండాలి, 10,000 మిల్లీమీటర్ల రేటింగ్ ఉంటే సరిపోద్ది, జీన్స్ వేసుకెళ్తే అంతే సంగతులు. గ్లవ్స్ కన్నా వేళ్లన్నీ కలిసి ఉండే మిట్టెన్స్ వెచ్చగా ఉంటాయి. ఇట్లా తల నుంచి కాలి దాకా ఒక్కోటీ రాస్తుంటే నాకే అనిపించింది, మంచులో పడటానికి ఇన్ని మెత్తలు కడుతున్నా, బాబాయి వాళ్లింట్లోకి మాత్రం దాన్ని ఉత్త చేతులతో తోసేశా. పో, మాట్లాడు, పడితే పడ్డావ్, అందరం చూసి నవ్వుతాం.

పిల్లలు తెలుగు తప్పుగా మాట్లాడితే నవ్వకండి అని మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెడదామనుకున్నా. టైప్ చేసి తీసేశా. ఎందుకంటే దాని తెలుగుని మిమిక్రీ చేసి ఫ్రెండ్స్ ఇంట్లో డిన్నర్ల దగ్గర నవ్వించేది నేనే. ఇంట్లో తెలుగే మాట్లాడాలని రూలు పెట్టిందీ నేనే, కోపమొస్తే ఇంగ్లీషులో తిట్టేదీ నేనే. పైగా నవ్వే జనం లేకపోతే ఊరు ఊరులా ఉంటదా అని కూడా ఒక అనుమానం, మర్యాదగా మాట్లాడి పంపిస్తే అది చుట్టంచూపే కదా. ఏమో. నేను అమెరికా వెళ్లిన కొత్తలో ఆఫీసులో నోరు మెదపకుండా ఎన్ని మీటింగులు కూర్చున్నానో నాకు తెలుసు, అప్పుడు ఎవరూ నవ్వలేదు కూడా, నవ్వుతారేమోనన్న భయమే.

మా అత్తగారు వాళ్లది నెల్లూరు. నాకు వీసా రావాలని రొట్టెల పండగప్పుడు స్వర్ణాల చెరువులో ఆవిడ వీసా రొట్టె పట్టుకుంది, వచ్చాక మళ్లీ వెళ్లి ఆ రొట్టె ఇంకొకళ్లకి ఇచ్చింది కూడా. అట్లా మొక్కి మరీ వెళ్లినోణ్ణి, ఇప్పుడు పిల్లకి ఊరు పట్టట్లేదని ఏడిస్తే వినేవాళ్లకి నవ్వు రాదా.

అసలు ఈ స్నోబోర్డ్ పుట్టిందే ఒక తండ్రి వల్ల. 1965లో క్రిస్మస్ రోజు మిషిగన్ రాష్ట్రం మస్కిగన్‌లో షెర్మన్ పాపెన్ అనే ఆయన కూతుళ్లు ఆడుకోవడానికి రెండు స్కీలు కలిపి కట్టిచ్చాడు, దానికే తర్వాత ముందు వైపు ఒక తాడు వచ్చింది, స్నర్ఫర్ అని పేరు వచ్చింది. 2018 వింటర్ ఒలింపిక్స్‌లో 17 ఏళ్లకే స్నోబోర్డ్ హాఫ్‌పైప్‌లో, అంటే సగం గొట్టంలా ఉండే మంచు కాలువలో చేసే విన్యాసాల పోటీలో, గోల్డ్ కొట్టిన క్లోయి కిమ్ వాళ్ల నాన్న కొరియా నుంచి వలసొచ్చిన మనిషి, కూతురి ఆట కోసం ఉద్యోగం మానేశాడు. ఇది మా ఆవిడకి చెప్తే "నువ్వు ఉద్యోగం మానక్కర్లేదు, ముందు కెఫెలోంచి లే" అంది.

నా బూట్లు ఇంకా ఆర్డర్ చెయ్యలేదు. దానివి అక్టోబర్లో మళ్లీ కొలవాలి, మడమ గోడకి ఆనించి కాగితం మీద బొటనవేలి కాడ గీత గీస్తే వచ్చే సెంటీమీటర్లే బూటు సైజు, ఇవాళ్టికి 23.5. ఒప్పందం పూర్తిగా చెడకుండా హెల్మెట్, గాగుల్స్, గార్డులు దానికి కొత్తవే కొనాలని రాజీ కుదిరింది, రంగు దానిష్టం. ఇక మిగిలింది లెసన్లు. అవి చూస్తే పిల్లల గ్రూపు వేరు, పెద్దల గ్రూపు వేరు, కొండకి చెరో మూల. మరి నేను పడటం అది చూసేదెట్లా అని అడిగితే "లంచ్‌లో చెప్పు నాన్నా" అంది. ప్రైవేట్ లెసన్ అయితే ఇద్దరికీ కలిపి నేర్పుతారంట. రేటు చూసి షీట్ మూసేశా.