ఆరో పేరా

"మాట ఇచ్చాడమ్మా" అని ఆయన మూడోసారి అన్నారు.

లెస్టర్‌లో మా సొలిసిటర్ల, అంటే న్యాయవాదుల, కార్యాలయంలో ఆ ఫైలు నా చేతికి వచ్చి అప్పటికి రెండు రోజులు. ఆయనది గుంటూరు ప్రాంతం. ఇక్కడ పెళ్లిళ్లకు భోజనాలు సరఫరా చేస్తారు. వంటశాలలో కోల్డ్ రూము కట్టమని ఒక సంస్థకు పని అప్పగించారు. పని 2024 ఈస్టర్‌కు పూర్తి కాలేదు. తర్వాత పూర్తయినా గదిలో చల్లదనం నిలవలేదు. మాంసం, కూరగాయలు పాడయ్యాయి, రెండు పెళ్లిళ్ల ఆర్డర్లు చేజారాయి. చివరికి మరొకరికి డబ్బిచ్చి ఆ గదిని బాగు చేయించుకున్నారు. అన్నీ కలిపితే నష్టం 31,000 పౌండ్లు. దావా వేసే ముందు పంపాల్సిన లేఖ పంపాం, జవాబుకు పద్నాలుగు రోజులు గడువిచ్చాం, జవాబు రాలేదు.

రాజమండ్రి కోర్టుల్లో నాలుగేళ్లు జూనియర్‌గా పనిచేశాను. ప్లెయింట్లు, అంటే దావా పత్రాలు, రాయడం నాకు కొత్త కాదు. ఇంగ్లండ్‌లో వాది, ప్రతివాది దాఖలు చేసే ఇలాంటి పత్రాలను 1999 ఏప్రిల్ 26న కొత్త సివిల్ నిబంధనలు వచ్చినప్పటి నుంచి స్టేట్‌మెంట్స్ ఆఫ్ కేస్ అంటున్నారు. వాటిలో వాది తన కేసు వివరాలు చెప్పుకునేది పర్టిక్యులర్స్ ఆఫ్ క్లెయిమ్. వాది ఆధారపడే వాస్తవాలను క్లుప్తంగా చెప్పాలన్నది అక్కడి నియమం. ముఖ్యమైన వాస్తవాలు రాయాలి, సాక్ష్యం కాదు అని మన 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ కూడా చెబుతుంది. అయినా బాధితుడి గోడు కొంతైనా వినిపించకపోతే ప్లెయింట్ నిండుగా ఉండదని నాకు అలవాటైపోయింది. ఆ అలవాటుతోనే పదమూడు పేజీలు రాశాను.

మా సీనియర్ సొలిసిటర్ ఆ పేజీలను ఐదుకు తగ్గించమన్నారు. ఎక్కువ గీతలు పడింది ఆరో పేరా మీద. "ఈస్టర్‌లోపు పని పూర్తి చేస్తానని ప్రతివాది సంస్థ గట్టిగా మాట ఇచ్చింది" అని నేను రాసిన వాక్యం పక్కన ఆవిడ నాలుగు ప్రశ్నలు వేశారు: ఎవరు అన్నారు? ఎవరితో? ఎప్పుడు? ఎక్కడ?

అవి ఆవిడ సొంత ప్రశ్నలు కావు. నోటిమాటతో కుదిరిన ఒప్పందం మీద దావా వేస్తే, ఏ మాటలు పలికారో, ఎవరు ఎవరితో ఎప్పుడు ఎక్కడ పలికారో రాయాలని నిబంధనలకు అనుబంధంగా ఉన్న ప్రాక్టీస్ డైరెక్షన్ చెబుతోంది. ఒప్పందం కాగితం మీద ఉంటే దాని నకలు జతచేస్తే చాలు. మా ఒప్పందం కొంత కాగితం మీద, కొంత నోటిమాట మీద ఉంది. కొటేషన్‌లో ధర, కొలతలు ఉన్నాయి గానీ గడువు లేదు. గడువంతా ఒక ఫోను సంభాషణలో ఉంది.

మళ్లీ ఆయనను పిలిపించాను. తెలుగులోనే మాట్లాడుకున్నాం. శనివారం, కొట్టు మూసే వేళ ఆ సంస్థ ఇంజనీరు ఫోను చేశాడని ఆయన ఒట్టేసినంత నమ్మకంగా చెప్పారు. ఫోను బిల్లు తీయించి చూస్తే ఆ వారంలో ఆ నంబరుతో మాట్లాడింది ఒక్కసారే, మార్చి 7న, గురువారం, పదకొండు నిమిషాలు. ఫోను చేసింది కూడా ఈయనే.

"ఆయన సరిగ్గా ఏమన్నారు? ఇంగ్లీషులోనే చెప్పండి" అన్నాను.

ఆయన కళ్లు మూసుకుని గుర్తు చేసుకున్నారు. అవతలివాడు వాడిన క్రియ 'విల్' కాదు, 'షుడ్'. ఈస్టర్‌కు అయిపోవాలి అన్నాడు, అయిపోతుంది అనలేదు. ఆ రెండింటి మధ్య తేడా ఆయన చెవికి ఆ రోజు తట్టలేదు. ఊళ్లో మేస్త్రీ 'పండక్కి అయిపోవాలండీ' అంటే మనం గడువు ఖాయమైందనే అనుకుంటాం. ఆయన అబద్ధమాడలేదు, తన భాషలో విన్నారు. అది నాకు అర్థమైంది కనుకే ఆ వాక్యం కొట్టేయడానికి చేయి రాలేదు. కానీ కొట్టేశాను.

ఎందుకంటే చివరి పేజీలో సత్య ప్రకటన ఉంటుంది. ఇందులోని వాస్తవాలు నిజమని నమ్ముతున్నానని, నిజాయితీగా నమ్మకుండా తప్పుడు ప్రకటన చేస్తే కోర్టు ధిక్కార చర్యలు ఉండవచ్చని తెలుసని ఆయన సంతకం పెట్టాలి. 'మాట ఇచ్చాడు' అని నేను రాసి, కింద ఆయన చేత సంతకం పెట్టించలేను.

గడువును ఖాయమైన షరతుగా చెప్పే దారి అలా మూసుకుపోయింది. సీనియర్ నన్ను 1982 నాటి వస్తు, సేవల సరఫరా చట్టం చూడమన్నారు. ఒప్పందంలో గడువు లేకపోతే సహేతుకమైన కాలంలో పని పూర్తి చేయాలని 14వ సెక్షన్, తగిన శ్రద్ధతో, నైపుణ్యంతో చేయాలని 13వ సెక్షన్ చెబుతాయి. ఒప్పందంలో అంతర్లీనంగా ఉండే ఈ షరతులనే ఆధారం చేసుకున్నాం.

పోయిన పెళ్లిళ్ల లాభం అడగడం ఇంకా కష్టం. 1854 నాటి హ్యాడ్లీ వర్సెస్ బాక్సెండేల్ కేసులో గ్లోస్టర్ మిల్లు ఇరుసు విరిగింది, దాన్ని తీసుకెళ్లిన రవాణాదారులు ఆలస్యం చేయడంతో మిల్లు ఇంకొన్ని రోజులు ఆగింది. అయినా పోయిన లాభం మిల్లు యజమానులకు రాలేదు. అలాంటి ప్రత్యేక నష్టం అడగాలంటే ఒప్పందం వేళకే ఆ పరిస్థితి అవతలివారికి తెలిసి ఉండాలి. అందుకే ఆయనను ఇంకో ప్రశ్న అడిగాను: ఆ పదకొండు నిమిషాల్లో మీరేమన్నారు?

"ఏప్రిల్లో రెండు పెళ్లిళ్లున్నాయి, ఈ గది లేకపోతే ఒప్పుకోలేనని చెప్పాను కదమ్మా. అది విన్నాకే కొటేషన్ పంపాడు." అంతసేపూ గడువు మాట దగ్గరే ఆగిపోయి, ఆయన ఆ సంగతి చెప్పనేలేదు.

కొత్త ఆరో పేరాలో నాలుగే వాక్యాలున్నాయి: మార్చి 7న, ఫోనులో, వాది ఫలానా ఇంజనీరుతో పెళ్లిళ్ల గురించి చెప్పిన మాటలు, దానికి ఇంజనీరు ఇచ్చిన జవాబు. 'షుడ్' కూడా ఉన్నదున్నట్టే రాశాను.

మిగతాది తొందరగా అయింది. ఉల్లంఘన, నష్టం ఒక్కొక్క పేరాగా రాశాం. కౌంటీ కోర్టుల చట్టం, 1984 లోని 69వ సెక్షన్ కింద 8 శాతం వడ్డీ అడిగాం, రోజుకు 6.79 పౌండ్లని లెక్క చూపాం. వడ్డీ ఇవ్వడం కోర్టు విచక్షణ. దావా రుసుము విలువలో 5 శాతం, అంటే 1,550 పౌండ్లు. సంతకం పెట్టే ముందు ఐదు పేజీలూ ఆయనకు తెలుగులో చెప్పాను. "ఇందులో నా బాధ ఎక్కడా లేదేమమ్మా?" అని అడిగారు. ఆరో పేరా మళ్లీ చదివి వినిపించాను. ఆయన తలూపి సంతకం పెట్టారు.

ప్రతివాది దావా పత్రాలు అందినట్టు తెలియజేసి, పద్నాలుగు రోజుల బదులు ఇరవై ఎనిమిది రోజుల గడువు తీసుకున్నారు. ఇక్కడ ప్రతి ఆరోపణకూ జవాబు చెప్పాలి: ఒప్పుకోవాలి, కాదనాలి, లేదా తనకు తెలియదు కనుక రుజువు చేయమనాలి. కాదంటే కారణం రాయాలి, తమ కథనం వేరైతే అదీ చెప్పాలి. వాళ్లు గది లోపాన్ని కాదన్నారు, మా ఆయన తలుపు తెరిచి ఉంచారని రాశారు. నష్టం లెక్కలకు రుజువు అడిగారు. ఆరో పేరాకు మాత్రం ఒకే మాట రాశారు: అంగీకరిస్తున్నాం.

ఆ సాయంత్రమే ఆయనకు ఫోను చేశాను. కాసేపు అవతల గిన్నెల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. "అంటే నేను చెప్పానని వాళ్లే ఒప్పుకున్నారా?" అన్నారు. అవునన్నాను. విచారణ దాకా వెళ్లకుండానే, నాలుగు నెలల తర్వాత మధ్యవర్తి దగ్గర 22,500 పౌండ్లకు వ్యవహారం తెగింది.