మా పాప అడిగిన రొట్టె

ఇండియాలో పెద్దవాళ్ళు చివరి దశలో ఉంటే పిల్లల్ని వెంట తీసుకెళ్ళాలా, ఇక్కడే ఎవరింట్లోనైనా ఉంచి వెళ్ళాలా అని డాలస్‌లో తెలిసినవాళ్ళు అడుగుతుంటారు. పిల్లలు జడుసుకుంటారని వాళ్ళ భయం. నేను మాత్రం తీసుకెళ్ళమనే చెప్తాను. పదేళ్ళ మా పాప 2024 వేసవి సెలవులన్నీ నెల్లూరులో మా నాయన మంచం పక్కనే గడిపింది. తనని అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు.

నాయనకి పాంక్రియాస్ క్యాన్సర్. ముదిరేదాకా పెద్దగా బయటపడని జబ్బు. తెలిసేసరికే లివర్‌కి పాకింది. చెన్నై డాక్టర్లు ఇక ఇంటి దగ్గరే చూసుకోమని చెప్పి, నొప్పికి మార్ఫిన్ మాత్రలు రాశారు. అవి వీధి చివర మందుల షాపులో దొరకవు, అనుమతి ఉన్న ఆస్పత్రిలోనే ఇస్తారు. "మత్తుమందంట గదా, అలవాటైపోద్ది" అని బంధువులు వద్దన్నారు. క్యాన్సర్ నొప్పితో అల్లాడే మనిషికి డాక్టరు చెప్పిన మోతాదులో ఇస్తుంటే ఆ భయం పెట్టుకోనక్కర్లేదు. భయపడి ఒక మాత్ర ఎగ్గొడితే మాత్రం నొప్పి మళ్ళీ తిరగబెడుతుంది. నాలుగు గంటలకొకటి, మలబద్ధకం రాకుండా తోడుగా ఇంకో మందు. ఆ టైములన్నీ నోట్‌బుక్కులో రాసి టిక్కు పెట్టే పని మా పాప తీసుకుంది. అర్ధరాత్రి మాత్రకి కూడా తనే లేచి నన్ను లేపేది.

అమ్మ దిగులంతా తిండి గురించే. గిన్నె పట్టుకుని "రెండు ముద్దలన్నా తినండి" అని బతిమాలేది. ఆ దశలో ఒంటికి ఆకలి ఉండదు, బలవంతంగా పెడితే వాంతి అవుతుంది. అది అమ్మకి చెప్పడం నావల్ల కాలేదు. దారి పాప కనిపెట్టింది. ఒకరోజు అమ్మ చేపల పులుసు పెడితే, చెంచా కొసన రెండు చుక్కలు తెచ్చి తాత నాలిక మీద వేసింది. నాయన కళ్ళు మూసుకుని కాసేపు చప్పరించాడు. "పులుపు చాల్లా. ఇంకో రెండు మామిడికాయ ముక్కలు పడాలని చెప్పు మీ జేజికి" అన్నాడు. పాప వంటింట్లోకి పరిగెత్తి, తాత అన్నది అన్నట్టుగా, తాత గొంతుతోనే చెప్పింది. అమ్మ నవ్వింది. ఎన్నాళ్ళకి నవ్విందో! అప్పట్నుంచి ఆ ఇంట్లో ఏది వండినా తాత తీర్పు వచ్చాకే పొయ్యి మీద నుంచి దిగేది. రసం, గోంగూర, పప్పు, అన్నీ చెంచా కొసనే. ఆయన తిన్నది ఏమీ లేదు. కానీ ఆ ఇంటి వంట మళ్ళీ ఆయనదైంది.

జూలై మధ్యలో రొట్టెల పండగ వచ్చింది. నెల్లూరోళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెప్తున్నాను. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి జనం రొట్టెలు ఇచ్చిపుచ్చుకుంటారు. చదువు, ఉద్యోగం, పెళ్ళి, సంతానం, ఆరోగ్యం, ఒక్కో కోరికకి ఒక్కో రొట్టె. కోరిక తీరినవాళ్ళు తెచ్చి ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు తీసుకుని తింటారు. తీరితే మరుసటి ఏడు తామే రొట్టెతో రావాలి. అక్కడ హిందువులు, ముస్లిములు అన్న తేడా ఉండదు. మా పాపకి దేవుడంటే అప్పటిదాకా డాలస్ దగ్గరి ఫ్రిస్కో హనుమంతుడి గుడి, ఆదివారం బాలవిహార్ క్లాసు, అంతే.

పాప ఆ పండక్కి బయల్దేరే ముందు నాయన తనని దగ్గరికి పిలిచాడు. "నాకిది తగ్గేది కాదు తల్లీ. నొప్పి లేకుండా నిద్రపడితే చాలని అడుగు" అన్నాడు. పెద్దవాళ్ళం మేమెవరం తనతో అనలేని మాట ఆయనే అన్నాడు. పాప ఏడవలేదు, సరేనంది. మోకాళ్ళ లోతు నీళ్ళలో కావలి నుంచి వచ్చిన ఒకావిడ చేతిలోంచి ఆరోగ్య రొట్టె తీసుకుని, ముక్క కూడా కింద పడకుండా తినేసింది.

ఆ వారంలోనే డాక్టరు మోతాదు పెంచాడు. నాయన రాత్రుళ్ళు నిద్రపోయాడు. ఆగస్టు మొదట్లో, అలా నిద్రలోనే పోయాడు.

మొహర్రం ఏటా దాదాపు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి 2025లో పండగ జూలై మొదట్లోనే వచ్చింది. రొట్టె ఇవ్వాలని పాప పట్టుబట్టింది. "మనిషే పోయాక మొక్కు తీరడమేంది?" అని మా మేనత్త బాధపడింది. "నేను తాత బతకాలని అడగలా, నొప్పి తగ్గాలని అడిగా. తగ్గింది" అంది పాప. మాత్ర వల్ల తగ్గిందని తనకి తెలుసు, టిక్కులు పెట్టింది తనే. ఆ మాత్ర మన ఇంటిదాకా రావడం కూడా దేవుడు విన్నట్టే అంటుంది. కాదనడానికి నా దగ్గర ఏ కారణమూ లేదు. నేను కూడా ఇప్పుడు అదే నమ్ముతున్నాను.

అమ్మ కాల్చి ఇచ్చిన రొట్టెని చెరువులో పొదలకూరు నుంచి వచ్చిన ఒకామె తీసుకుంది. వాళ్ళ అమ్మకి క్యాన్సరట. పాప రొట్టె చేతిలో పెట్టి, "ఆంటీ, నొప్పి మాత్రలు ఇస్తున్నారా? ఇవ్వకపోతే డాక్టర్ని అడగండి, టైము తప్పకుండా వేయండి" అని చెప్పింది. ఆమె నా వైపు చూసింది. మాకు మాత్రలు ఇచ్చిన ఆస్పత్రి ఎక్కడుందో, ఏ కాగితాలు తీసుకెళ్ళాలో అక్కడే నీళ్ళలో నిలబడి చెప్పాను.